చేసే చేతిని చూడనివ్వండి

తెలంగాణ పర్యాటక, సాంస్కృతిక శాఖల మంత్రివర్యులకు ఒక హైదరాబాద్ నివాసి బహిరంగ లేఖ

మంత్రిగారూ,

మన నగరంలో జరిగే చేతివృత్తుల మేళాలు, జానపద కళల ప్రదర్శనలు, ఆహార పండుగల గురించి మీతో మాట్లాడాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. వాటిని ఇష్టంగా తిరిగి చూసే మనిషిని. చలికాలం వస్తే నాంపల్లి నుమాయిష్, వారాంతం వస్తే మాదాపూర్ శిల్పారామం, ఆషాఢంలో గోల్కొండ బోనాలు, రంజాన్ నెలలో పాతబస్తీ రాత్రులు. హైదరాబాద్‌లో బతకడంలో ఉన్న సంతోషం నాకు చాలావరకు వీటి దగ్గరే దొరుకుతుంది. ఆ సంతోషం ఇంకా ఎక్కువమందికి, ఇంకా లోతుగా అందాలని కోరిక. అందుకు నేను అడిగేది ఒక్కటే. మేళాలో వస్తువు అమ్మే బల్ల పక్కనే ఆ వస్తువు తయారయ్యే చోటు కూడా జనానికి కనిపించాలి. వంటకం వడ్డించే చోట అది వండే పొయ్యి కూడా కనిపించాలి. పాటగాడు మైకు ముందు నాలుగు నిమిషాలు నిలబడి దిగిపోకుండా, తన కథ పూర్తిగా చెప్పుకునేంత సమయం అతనికి దక్కాలి.

ఈ నగరానికి మేళా కొత్త సరదా కాదు. ఉస్మానియా పట్టభద్రుల చొరవతో 1938లో బాగ్-ఏ-ఆమ్‌లో, అంటే ఇప్పటి పబ్లిక్ గార్డెన్స్‌లో, యాభై దుకాణాలతో మొదలైన నుమాయిష్ 1946లో నాంపల్లి మైదానానికి మారింది. నేటికీ జనవరి 1న తలుపులు తెరుచుకుంటే నెలన్నర పాటు ఊరంతా అటే నడుస్తుంది. తాత చేయి పట్టుకుని వెళ్లినవాళ్లు ఇప్పుడు మనవల చేయి పట్టుకుని వెళ్తున్నారు. ఆ ప్రదర్శన మీద వచ్చిన ఆదాయంతో విద్యాసంస్థలు నడుస్తున్నాయి. కొనుక్కోవడం, తినడం, తిరగడం అనే మామూలు సరదా ఎంతోమంది పిల్లల చదువుకు ఆసరా కావడం మన నగరం గర్వంగా చెప్పుకోవాల్సిన సంగతి.

మాదాపూర్ శిల్పారామానికి 1992లో రూపకల్పన జరిగింది. దాని ఎదురుగా సైబర్ టవర్స్ 1998లో వచ్చింది. అంటే ఆ ప్రాంతంలో కంప్యూటర్ కంటే ముందే కుమ్మరి సారె, మగ్గం చిరునామా రాసుకున్నాయి. ఇవాళ చుట్టూ అద్దాల మేడల మధ్య 65 ఎకరాల్లో చెట్లు, రాళ్లు, నీళ్లు, ఆరుబయలు రంగస్థలం ఉన్నాయంటే అది ముందుచూపు ఉన్నవాళ్లు చేసిన పని. అక్కడి పల్లె మ్యూజియంలో మట్టి ఇళ్లు, పనిలో ఉన్న వృత్తికారుల నిలువెత్తు బొమ్మలు చూసి పిల్లలు ఎంత సంబరపడతారో అందరికీ తెలుసు. రవీంద్రభారతి 1961 నుంచి మన సంగీతానికీ నాట్యానికీ నాటకానికీ ఇల్లుగా ఉంది. 2019లో యునెస్కో హైదరాబాద్‌ను ఆహార కళలో సృజనాత్మక నగరంగా గుర్తించింది. చోటు ఉంది, పేరు ఉంది, వచ్చే జనం ఉన్నారు. వీటన్నిటినీ కలిపి కట్టే దారం ఒకటి కావాలి. చేసే చేతిని జనం చూడటమే ఆ దారం అని నా నమ్మకం.

ఎందుకు అంతగా నమ్ముతున్నానో చెప్పడానికి పోచంపల్లి చీరనే తీసుకుంటాను. హైదరాబాద్ నుంచి యాభై కిలోమీటర్ల లోపే ఉన్న ఊరు. 1951లో వినోబా భావే భూదానోద్యమం అక్కడే మొదలైంది. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో దానికి చోటిచ్చింది. ఆ ఊరి చీర మేళాలో బల్ల మీద మడత పెట్టి ఉంటుంది. చూసేవాళ్లకు కనిపించేది రంగు, అంచు, ధర. ఆ ధర చూసి ముఖం చిట్లించేవాళ్లను నేను తప్పుపట్టలేను. ఎందుకంటే వాళ్లకు చూపించింది అంతే.

ఆ చీర డిజైను మగ్గం మీద పుట్టదు. మగ్గం ఎక్కకముందే, ఇంకా దారంగా ఉన్నప్పుడే, ఏ పోగులో ఎక్కడ ఏ రంగు పడాలో తేలిపోతుంది. ముందు ఆసు పోస్తారు. ఒక చివర ఒక మేకు, మరో చివర అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. ఆ ఒక్క మేకు నుంచి ఈ వరసలోని ఒక్కో మేకుకు దారం తిప్పుకుంటూ పోవాలి. ఒక చీరకు ఆసు పోయాలంటే చేయి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ కదలాలని లెక్క. ఇళ్లలో ఆ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం తయారుచేసిన లక్ష్మి ఆసు యంత్రం ఆ భారం తీసింది. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన కథను మనం సినిమాగా కూడా చూశాం. కానీ ఆసు అంటే ఏమిటో కళ్లారా చూసిన నగరవాసులు ఎంతమంది ఉంటారు?

ఆసు అయ్యాక ఆ పోగులను కట్టలుగా బిగించి, గ్రాఫు కాగితం మీద గీసుకున్న లెక్క ప్రకారం, రంగు అంటకూడని చోటల్లా సన్నటి రబ్బరు పట్టీలతో బిగించి చుడతారు. రంగులో ముంచి, ఆరబెట్టి, కొన్ని కట్లు విప్పి, కొన్ని కొత్తగా కట్టి, మళ్లీ మరో రంగులో ముంచుతారు. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు. ఆ తర్వాతే కండెలు చుట్టడం, నాడె విసరడం. నేసేటప్పుడు కూడా ప్రతి పేక పోగూ తన గుర్తు దగ్గర సరిగ్గా కూర్చుందో లేదో చూసుకుని, తేడా వస్తే వేలితో కాస్త లాగి సర్దుకుంటారు. ఆ చిన్న సర్దుబాటు చూసినవాళ్లకు ఆ డిజైను అంచులు ఎందుకు కాస్త అలుక్కుపోయినట్టు మెత్తగా ఉంటాయో అర్థమవుతుంది. లోపం అనుకున్నదే చేతిపని ఆనవాలు అని తెలుస్తుంది. మరో సంగతీ తెలుస్తుంది. రంగు దారంలోనే ఉంది కాబట్టి చీరను తిరగేసినా డిజైను అంతే స్పష్టంగా ఉంటుంది. అదే డిజైను అచ్చు వేసిన నకలు చీరలో వెనకవైపు వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. చేనేతకు కొన్ని రకాలను కేటాయిస్తూ 1985లో పార్లమెంటు చట్టం చేసింది. ఇప్పుడా జాబితాలో ఉన్న 11 రకాల్లో చీర కూడా ఒకటి. అయినా మరమగ్గం మీది చీర, అచ్చు చీర చేనేత పేరుతో బజారుకు వస్తూనే ఉన్నాయి. ప్రతి దుకాణానికీ అధికారిని పంపలేం. చీర తిరగేసి చూడటం తెలిసిన కొనుగోలుదారులు వేలల్లో ఉంటే నకలు అమ్మేవాడికి అంతకు మించిన ఇబ్బంది ఉండదు.

బేరం సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. బేరమాడటం హైదరాబాద్ రక్తంలో ఉంది. సుల్తాన్ బజార్‌లోనో నుమాయిష్‌లోనో ఆడే బేరంలో ఒక చమత్కారం ఉంది, దాన్ని నేనూ ఆనందిస్తాను. అయితే టోకున తెచ్చి అమ్మే వ్యాపారి ముందుగానే బేరానికి చోటు పెట్టుకుంటాడు. తన చేత్తో చేసి తెచ్చుకున్న మనిషి దగ్గర ఆ వెసులుబాటు ఉండదు. ఆయన తగ్గించే ప్రతి రూపాయీ తన కూలిలోంచి పోతుంది. ఈ తేడా బోర్డు పెట్టి చెబితే ఎవరూ చదవరు. మగ్గం ముందు కాసేపు నిలబడితే దాన్ని ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇది ఊహ కాదని నిరూపించడానికి దూరం వెళ్లక్కర్లేదు, రుజువు మన చార్మినార్ పక్కనే ఉంది. లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసే చోటికి వెళ్లి చూడండి. బొగ్గుల కుంపటి. వేడికి మెత్తబడిన లక్కను పలక మీద పాముతూ కడ్డీలా సాగదీస్తారు. దాన్ని గుండ్రంగా వంచి, రెండు కొసలూ అతికించి, కొలత సరిచూస్తారు. లక్క గట్టిపడేలోపు పైన రాళ్లు, అద్దాలు, పూసలు ఒక్కొక్కటే ఎత్తి అద్దాలి. ఆలస్యమైతే అంటుకోవు, తొందరపడితే వరస తప్పుతుంది. ఎదురుగా కూర్చుని తన చేతి కొలతకు గాజు చేయించుకున్న అమ్మాయి ఆ జతను ఏళ్ల తరబడి దాచుకుంటుంది. ఈ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ గుర్తింపు పత్రం కంటే ఆ కుంపటి ముందు గడిపిన పావుగంటే ఎక్కువమందిని ఈ పనికి దగ్గర చేస్తుందని నేను అనుకుంటాను.

హలీం కూడా అంతే. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ వంటకానికి రంజాన్ నెలలో ఇంత ఆదరణ ఎందుకు? రుచి ఒక్కటే కాదు. భట్టీ బయటే ఉంటుంది. పెద్ద డేగ్‌లో గోధుమలు, మాంసం, పప్పులు, మసాలాలు గంటల తరబడి ఉడుకుతుంటే, పొడవాటి కర్ర గోటాలతో మనుషులు నిలబడి దంచుతుంటారు. మాంసం పీచు, గోధుమ గింజ ఒకదాన్నొకటి విడదీయలేనంతగా కలిసిపోయేదాకా ఆ దెబ్బలు ఆగవు. ఆ చెమటను దారినపోయే ప్రతివాడూ చూస్తాడు. గిన్నె చేతికొచ్చినప్పుడు ఇంత ధర ఎందుకని అడగడు. చేసే చేతిని చూపిస్తే చేసినదానికి విలువ పెరుగుతుందని మన పాతబస్తీకి ఎప్పటినుంచో తెలుసు. ఆ తెలివినే మన మేళాలన్నిటికీ విస్తరించమని అడుగుతున్నాను.

తిండి మాట వచ్చింది కాబట్టి ఇంకొంచెం చెప్పనివ్వండి. ఆహార పండుగ అనగానే ఎక్కడ చూసినా దాదాపు అవే వంటకాలు వరసగా కనిపిస్తాయి. బిర్యానీ మనది, దాని మీద నాకు ప్రేమ తక్కువేం కాదు. కానీ వరంగల్ వైపు ఇంట్లో సాయంత్రం పూట చేసుకునే సర్వపిండి ఎక్కడ? బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, దంచిన పల్లీలు, నువ్వులు, కారం, కరివేపాకు, ఉల్లిపొరక కలిపి ముద్ద చేస్తారు. దాన్ని మందపాటి గంజులో అంచులదాకా వేళ్లతో పల్చగా ఒత్తుతారు. మధ్య మధ్య వేలితో బొక్కలు చేసి ఒక్కో బొక్కలో నూనె చుక్క వదులుతారు. మూతపెట్టి సన్నసెగ మీద ఉంచితే అడుగు ఎర్రగా కాలి, పైన మెత్తగా ఉడికి వస్తుంది. గంజు చల్లారితే తప్ప రెండోది ఒత్తలేరు, అందుకే నాలుగైదు గంజులు తిప్పుకుంటారు. ఇది ముందే చేసి అట్టపెట్టెలో పెట్టి అమ్మే సరుకు కాదు. పొయ్యి దగ్గర కూర్చున్న అమ్మతో మాటలు కలుపుతూ ఎదురుచూసి తినాల్సినది. వేళ్ల గుర్తులు ఉన్న ఆ ముక్క చేతిలో పడినప్పుడు పిల్లలు అడిగే మొదటి ప్రశ్న "ఈ బొక్కలెందుకు?" అని. జవాబు చెప్పడానికి ఆ అమ్మ అక్కడ ఉండాలి.

మన వంటలకు కాలం కూడా ఉంది. సంక్రాంతికి సకినాలు. నానబెట్టిన బియ్యం దంచిన తడిపిండిలో నువ్వులు, వాము కలిపి, గుడ్డ పరిచి దాని మీద వేళ్ల మధ్య మెలితిప్పుతూ చుట్లు చుట్లుగా తిప్పుతారు. వాడకట్టు ఆడవాళ్లంతా చేరి ఒక ఇంటి తర్వాత ఒక ఇంట్లో చేసుకునే పని అది. ఉగాదికి భక్ష్యాలు. బతుకమ్మకు మలీద ముద్దలు, సద్దులు. వేసవికి అంబలి. ఏ నెలలో మేళా పెడితే ఆ నెల వంట అక్కడ ఉంటే చాలు, ఊరి నుంచి వచ్చి నగరంలో స్థిరపడిన కుటుంబాలు పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తాయి. జిల్లాల్లోని మహిళా స్వయం సహాయక సంఘాలకు ఈ వంటలు చేతిలో పని. వాళ్లకు పొయ్యి పెట్టుకునే చోటు, పొగ పోయే దారి, మంచినీళ్లు, గిన్నెలు కడుక్కునే వసతి ఇస్తే మిగతాది వాళ్లు చూసుకుంటారు. యునెస్కో గుర్తింపు ఉన్న నగరంలో తెలంగాణ ఇంటి వంట తెలంగాణ ఆడవాళ్ల చేత్తో, వాళ్ల ఊరి పేరుతో దొరకాలని కోరడం అత్యాశ కాదు కదా.

ఇక పాట, బొమ్మ గురించి. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ చిత్రకారులు వేసే పటాలు ఇప్పుడు గోడలకు అలంకారమయ్యాయి. ఖాదీ గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పూతలు పూసి, ఎర్రటి నేల రంగు మీద మనుషులను, దేవతలను, జంతువులను గళ్లు గళ్లుగా వేసుకుంటూ పోతారు. అయితే ఆ పటం గోడ కోసం పుట్టలేదు. ఒక్కో కులానికి ఒక్కో పురాణం, దాన్ని పాడటానికి ఒక ఆశ్రిత గాయక బృందం ఉండేది. పద్మశాలీల ఇళ్ల ముందు కూనపులి వారు మార్కండేయ పురాణం చెప్పేవారు. పటాన్ని నిలువుగా వేలాడదీసి, ఒక్కో గడి విప్పుకుంటూ, కర్రతో చూపిస్తూ పాడేవారు. చిత్రకారుడు, గాయకుడు, వినే కులం, ఆ కులం నేసే బట్ట అన్నీ ఒకే కథలో ఉండేవి. ఇవాళ మేళాలో పటం ఒక స్టాలులో ఉంటుంది, పాట ఉంటే వేదిక మీద ఉంటుంది, చీర మరో వరసలో ఉంటుంది. మూడింటినీ ఒక్క సాయంత్రం ఒక్కచోట పెట్టమని నా విన్నపం. పటం ముందు కూనపులి గాయకులు మార్కండేయ పురాణం పాడుతుంటే, దాని పక్కనే ఒక నేతన్న మగ్గం ఆడుతుంటే, అక్కడ నిలబడ్డ పన్నెండేళ్ల పిల్లకు తెలంగాణ సంస్కృతి గురించి వేరే పాఠం అక్కర్లేదు.

జానపద కళలకు ఈ మధ్య గౌరవాలు బాగానే దక్కాయి. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో, చిందు యక్షగానం కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీలు వచ్చాయి. సంతోషం. కానీ చిందు భాగవతం నాలుగు నిమిషాల కళ కాదు. ఒగ్గుకథలో మల్లన్న పెండ్లి ఒక పాట పాడి ముగించేది కాదు. ఊళ్లో రాత్రంతా సాగే కథను నగరంలో రాత్రంతా నడపమని నేను అడగను. కనీసం గంటన్నర ఇవ్వండి. కథ సారాంశం ఒక కాగితం మీద తెలుగులో, ఉర్దూలో, హిందీలో, ఇంగ్లిషులో అచ్చువేసి పంచండి. ఉద్యోగాల కోసం దేశం నలుమూలల నుంచి వచ్చిన వాళ్లు ఈ నగరంలో లక్షల్లో ఉన్నారు. కథ తెలిస్తే వాళ్లూ కూర్చుంటారు.

ఇవన్నీ జరగాలంటే ఏం చేయాలో కూడా నాకు తోచినంత చెబుతాను. ప్రతి మేళాలో మూడో వంతు చోటు తయారీకే కేటాయించండి. అన్నిటికంటే ముఖ్యం, చేసి చూపించే పనికి కూలి ఇవ్వండి. అమ్మకం ఎలా ఉన్నా ఆ రోజు కూలి విడిగా అందాలి. ఎందుకంటే మగ్గం మీద కూర్చున్న మనిషి ఆ సమయంలో సరుకు అమ్ముకోలేడు. జనానికి నేర్పుతున్నాడు, అది వేరే పని. ప్రతి స్టాలు ముందు చేసినవారి పేరు, ఊరు, ఆ వస్తువుకు పట్టిన రోజులు, వాడిన ముడిసరుకు పెద్ద అక్షరాల్లో రాయించండి. కేంద్ర హస్తకళల శాఖ వృత్తికారులకు ఇచ్చే పెహచాన్ కార్డును స్టాళ్ల కేటాయింపులో ప్రధానంగా చూడండి. ఢిల్లీలో 1994 నుంచి నడుస్తున్న దిల్లీ హాట్‌లో వృత్తికారులకు స్టాళ్లు పదిహేను రోజుల వంతున మారుతుంటాయి. ఎక్కువమందికి అవకాశం దొరుకుతుంది, వెళ్లినవారికి ప్రతిసారీ కొత్తదనం ఉంటుంది. ఆ పద్ధతి మనకూ పనికొస్తుంది. నిర్మల్, పెంబర్తి, నారాయణపేట, గద్వాల, పుట్టపాక నుంచి వచ్చేవారికి రాత్రి పడుకునే చోటు, సరుకుకు తాళం వేసుకునే గది, ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్లు ఉండాలి. ఇవి సౌకర్యాల పట్టికలో చివర రాసే సంగతులు కావు. ఇవి లేకపోవడం వల్లే చాలామంది ఆడవాళ్లు మేళాలకు రావడం మానుకుంటారు.

నెలనెలా ఏం జరుగుతుందో ముందుగానే చెప్పే ఒక పట్టిక మెట్రో స్టేషన్లలో, ఆర్టీసీ బస్టాండ్లలో కనిపించాలి. నుమాయిష్‌కూ శిల్పారామానికీ మెట్రో దిగి నడిచి వెళ్లొచ్చు. ఆ కొద్ది దూరంలో మంచి కాలిబాట, నీడ, వెలుతురు ఉంటే ముసలివాళ్లు, పిల్లల తల్లులు ధైర్యంగా వస్తారు. సర్కారు బడుల పిల్లలకు వారంలో ఒక ఉదయం ఉచితంగా కేటాయించండి. వాళ్లు చూసి వెళ్లడంతో సరిపెట్టకుండా మట్టి పిసకనివ్వండి, దారం కట్టనివ్వండి, చింతగింజల జిగురూ రంపపు పొట్టూ కలిపి చేర్యాల ముఖోటా ఒకటి చేయనివ్వండి.

అభ్యంతరాలు ఉంటాయని తెలుసు. కొన్ని పనులు మేళాలో చూపించలేమని అధికారులు చెప్పొచ్చు. ఆదిలాబాద్ వోజ్ కళాకారుల డోక్రా పనిలో కరిగిన ఇత్తడి పోస్తారు, జనం మధ్య అది ప్రమాదమే. కానీ దానికి ముందు మట్టి అచ్చు మీద తేనెమైనపు సన్నటి దారాలతో నగిషీ అల్లే పని ఉంది. అసలు నేర్పంతా అందులోనే ఉంది, దాన్ని నిశ్చింతగా చూపించొచ్చు. పోత ఎలా పోస్తారో పక్కన తెర మీద వీడియోలో చూపిస్తే సరిపోతుంది. ఖర్చు ఎక్కువవుతుందని అనొచ్చు. వేదికలకు, తోరణాలకు, విద్యుద్దీపాలకు అయ్యే దాంట్లో కొంత భాగం చాలు వృత్తికారుల కూలికి. అలంకరణ తగ్గినందుకు మేమెవరం నొచ్చుకోం.

మరో అభ్యంతరం ఉంది, అది మరింత బరువైనది. మనుషులను కూర్చోబెట్టి ప్రదర్శనకు పెట్టడం గౌరవమేనా? ఈ ప్రశ్న వృత్తికారులే అడగొచ్చు, అడిగే హక్కు వాళ్లకుంది. అందుకే ఏ పని చూపించాలో, ఎన్ని గంటలు చూపించాలో, ఏ మెళకువ దాచుకోవాలో నిర్ణయం వాళ్లదే కావాలి. అనుమతి లేకుండా ఫోటోలు తీయొద్దన్న నియమం ఉండాలి. నేల మీద మూల కాకుండా ఎత్తయిన అరుగు, మంచి వెలుతురు, కూర్చోవడానికి అనువైన ఆసనం ఉండాలి. చూసేవాళ్లకు బల్లలు వేస్తే వాళ్లు నిలబడి తొంగిచూడకుండా కూర్చుని చూస్తారు. పనిలో ఉన్న మనిషిని గురువుగా చూసే ఏర్పాటుకూ వింతగా చూసే ఏర్పాటుకూ మధ్య తేడా ఇలాంటి చిన్న విషయాల్లోనే ఉంటుంది. గజం గోవర్ధన, గజం అంజయ్య వంటి పుట్టపాక నేతన్నలకు దేశం పద్మశ్రీ ఇచ్చింది. సంగీత విద్వాంసుడికి వేదిక మీద ఇచ్చే మర్యాదే మగ్గం మీది విద్వాంసుడికీ ఇవ్వాలి.

ఇదంతా వేడుకకు సంబంధించిన మాటే కాదు, బతుకుకు సంబంధించినది కూడా. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో 35 లక్షల మందికి పైగా ఈ పని మీద ఉన్నారు, వారిలో ఎక్కువమంది ఆడవాళ్లు. నేతన్నల పిల్లలు మగ్గం వదిలి వెళ్తుంటే మనం బాధపడుతున్నాం. వాళ్లు వెళ్లేది కూలి గిట్టక. కూలి గిట్టాలంటే కొనేవాళ్లు సరైన ధర పెట్టాలి. సరైన ధర పెట్టాలంటే ఆ పనిలో ఏముందో వాళ్లకు తెలియాలి. సబ్సిడీలు, రుణమాఫీలు అవసరమే, వాటిని నేను కాదనను. కానీ అవి ప్రతి ఏడూ ప్రభుత్వాన్ని అడగాల్సినవి. పని తెలిసిన కొనుగోలుదారు ఒకసారి తయారైతే జీవితాంతం కొంటూనే ఉంటాడు, తన పిల్లలకూ చెబుతాడు.

మా వంతు మేమూ చేయాలి. ఈ ఉత్తరం చదువుతున్న తోటి నగరవాసులకు కూడా నాదొక మాట. మేళాకు వెళ్తే చేసినవారి పేరు అడగండి. చీరను తిరగేసి చూడండి, ఎలా నేశారో చెప్పమనండి. చేసినవారే అమ్ముతుంటే బేరం ఆడకండి. పిల్లలను తీసుకెళ్లండి, తొందరపెట్టకుండా ఒక్కచోట కాసేపు నిలబడనివ్వండి. ఆంధ్రలోని శిల్పారామాల్లోనూ ఇదే అడగండి. అక్కడ కొండపల్లి, ఏటికొప్పాక, కలంకారీ, నిమ్మలకుంట తోలుబొమ్మలు ఉన్నాయి, అవీ ఇలాగే చూపించదగ్గవి.

మంత్రిగారూ, ఇదంతా ఒక్కసారిగా చేయమని అడగడం లేదు. వచ్చే చలికాలంలో ఒక్క వేదికను ఎంచుకోండి. అక్కడ ఒక్క నెలపాటు పది మంది వృత్తికారులకు పని చేసుకునే అరుగులు, అయిదు జిల్లాల ఆడవాళ్లకు పొయ్యిలు, పూర్తి కథకు సరిపడా సమయం దొరికే ఒక సాయంత్రపు మండపం ఏర్పాటు చేయండి. కూలి రోజువారీగా చెల్లించండి. నెల చివర వృత్తికారులనే అడగండి, అమ్మకం పెరిగిందా, బేరం తగ్గిందా, మళ్లీ వస్తారా అని. వాళ్లు చెప్పిన జవాబును బట్టి ఆ తర్వాతి ఏడాది మిగతా వేదికల సంగతి నిర్ణయించండి. ఏర్పాట్లు చలికాలానికి చాలా ముందే మొదలవుతాయి కాబట్టి మీ నిర్ణయాన్ని దసరాలోపు ప్రకటించమని కోరుతున్నాను.

గౌరవంతో,
ఒక హైదరాబాద్ నివాసి